పాత చిప్పునకు వెల యెట్లు కుదురును?



పాత పట్టుచీరలను తూకమునకు కొని, జరీని కరగించి వెండి తీయువారిని గూర్చి గడచిన సంచికలో మేము వ్రాసితిమి. అది చదివి మా వీథిలోని వదినగారొకరు బిస్కత్తుల రేకుడబ్బా నొకదానిని కొంగుక్రింద పెట్టుకొని మా యింటికి వచ్చిరి. "జరీ సంగతి చెప్పితిరి గదా వదినగారూ, దీని సంగతి కూడ చెప్పుడు" అని మూత తీసి మా ముందుంచిరి.

లోపల నల్లని స్పాంజిలో గ్రుచ్చిన కంప్యూటరు చిప్పులు నలువదికి పైగా నుండెను. ఆమె మామగారు హైదరాబాదులో నొక కర్మాగారమున యంత్రములను సరిచూచు పనిలో చిరకాల ముండి, పనికిరావని పారవేసిన చిప్పులను ఏరి దాచుకొనిరట. ఆయన గతించి రెండేండ్లయినది. ఇప్పుడు కూతురి కళాశాల రుసుమునకు పదునెనిమిది వేల రూపాయలు తక్కువపడినవి. పాతసామానులవాడు డబ్బాను చేతితో ఎత్తి చూచి తొమ్మిది వందలిచ్చెదననెను. కుమారుడో, అంతర్జాలమున వెదకి, అటువంటి బంగారు మూత గల చిప్పొకటి లక్ష రూపాయలకు పైగా వెల వేయబడి యుండుట చూచి, తల్లిని అమ్మనీయకుండెను. తొమ్మిది వందలకును లక్షకును నడుమ ఆ తల్లి పది దినములుగా నిద్రలేక యున్నది.

మా కీ విద్యలో పాండిత్యము లేదు. చిన్ననాట మా తండ్రిగారు వరాహమిహిరుని బృహత్సంహితలోని రత్నపరీక్షాధ్యాయములు మాకు చెప్పియుండిరి గాని, అందు వజ్రమునకు, ముత్యమునకు, కెంపునకు, మరకతమునకు పరీక్షలు గలవే గాని చిప్పునకు లేవు. ఐనను వస్తువునకు వెల యెట్లు కట్టుదురను ప్రశ్న యెచ్చటనైన నొక్కటియే యని తలంచి, మావారును మేమును నెల దినములు ఈ సంగతిని చదివితిమి. పాత చిప్పులను తపాలాబిళ్ళలవలె సేకరించువారు లోకమున ననేకులు గలరట. జాబితాలు వ్రాసికొందురు, ఒండొరులతో మార్చుకొందురు, ఈబే మొదలగు అంగళ్ళలో కొని యమ్ముచుందురు. వారిలో కొందఱు ఈ పిచ్చిలో పడి చేతికి చిప్ప తెచ్చుకొన్నను ఆశ్చర్యము లేదని మావారు నవ్విరి.

మొదటి సంగతి మొదట చెప్పుదుము. అమెరికాలోని ఇంటెల్ సంస్థవారు 1971 నవంబరులో 4004 అను చిప్పును ప్రకటించిరి. జపానులో లెక్కల యంత్రములు చేయు బిజికామ్ సంస్థ కోరగా పుట్టినదది. టెడ్ హాఫ్, స్టాన్లీ మేజర్, ఫెడెరికో ఫాజిన్, జపాను నుండి వచ్చిన మసతోషి షిమా అను నలుగురి పని. గోరుకంటె చిన్నదైన సిలికాను పలకపై 2,300 ట్రాన్సిస్టర్లు అమర్చిరి. కంసాలి నగ వెనుక తన గుఱుతు వేసినట్లు, ఫాజిన్ తన పేరులోని రెండు పొడి యక్షరములను ఆ పలక యంచున నిలిపెను. ఇంతవఱకు అన్ని 4004లకును సమానమే. కాని ఆ పలకకు తొడిగిన చొక్కాలు వేఱు. తెల్లని పింగాణీ తొడుగుపై బంగారు మూత గలది సీ4004. ముదురురంగు పింగాణీది డీ4004. నల్లని ప్లాస్టిక్కుది పీ4004. తెల్లనివానిలోను మొదటివానికి, లోపలి తీగెల జాడలు బూడిదరంగు గీతలై పింగాణీలోనుండి పైకి కనబడును. ఆ గీతలున్నదానికి వేయి డాలర్లకు పైబడి యిచ్చినవారు కలరు. గీతలు లేని తెల్లనిదానికి అంతకంటె తక్కువ. ప్లాస్టిక్కుదానికి ఎన్నో రెట్లు తక్కువ. మూడును చేయు లెక్క యొక్కటియే! తెల్లనివి ముందు వచ్చినవి, తక్కువ మిగిలినవి యని సేకరించువారు కారణము చెప్పుదురు. అది నిజమే. కాని చూచుటకు అందముగా నుండుట కూడ ఆ వెలలో నొక భాగమని మేము తలంచుచున్నాము, వారు ఒప్పుకొనరు.

అరుదైనంత మాత్రమున వెల వచ్చుననుట పొరపాటు. 4004 వచ్చిన మఱుసటి యేటనే, అనగా 1972లో, రాక్వెల్ సంస్థవారు పీపీఎస్-4 అను చిప్పుల జట్టును తెచ్చిరి. దాని పేరు విన్నవారే తక్కువ. కావున కోరువారును తక్కువ. వస్తువు కొద్దిగా నుండవలెను, కోరువారు దానికంటె ఎక్కువగా నుండవలెను. ఈ రెంటిలో నొకటి లేకున్న రెండవది నిష్ఫలము. తయారగుట ఆగినంత మాత్రమునను అరుదు కాదు. 1976లో పుట్టిన జైలాగ్ వారి జెడ్80 చిప్పునకు 2024 జూనుతో తుది యార్డర్లని ఆ సంస్థ ప్రకటించెను. ఐనను నలువది యేండ్లకు పైగా లోకమంతట అది పోగుపడి యున్నది. ఇక మన వదినగారి డబ్బాలో అన్నిటికంటె నెక్కువగా నుండినవి 8085లు. 1976లో వచ్చిన ఈ చిప్పు మన దేశపు ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలన్నిటను పాఠముగా నుండినది. ఈనాటికిని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల వెదకిన దొరకవచ్చును. ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయల మాట, అంతే.

ఇప్పుడు మాకు మిక్కిలి విస్మయము కలిగించిన సంగతికి వచ్చుచున్నాము. శుభలక్షణములు గల రత్నము రాజునకు శుభము, దోషము గలది అశుభమని వరాహమిహిరుని మతము. గీత యున్నను, మచ్చ యున్నను రత్నమునకు వెల తగ్గును. చిప్పులలో నిది తలక్రిందైనది.

1974లో ఇంటెల్ వారు 8080 అను చిప్పును 360 డాలర్ల వెలకు విడుదలచేసిరి. ఫాజినును షిమాయును చేసిన పనియే యిదియు. కాని మొదట వచ్చినవానిలో నొక కొఱత యుండెను. చుట్టును అమర్చు సామాన్యపు చిప్పులను నడపజాలినంత విద్యుద్బలము దాని కాళ్ళకు లేదు. తక్కువ బలముతో నడచు జాతివానిని మాత్రమే నడపగలిగెడిది. ఆ కొఱతను త్వరలోనే దిద్ది, పేరు చివర ఏ అను అక్షరము చేర్చి 8080-ఏ అని అమ్మిరి. దిద్దినదానిని వేఱు సంస్థలును తయారుచేసినవి; అది విస్తారముగా వ్యాపించినది. దిద్దనిది కొలదికాలమే వచ్చి నిలిచిపోయినది. కావున ఈనాడు బంగారు మూతపై సీ8080 అని మాత్రమే యున్నచో వందల డాలర్లు పలుకును; చివర ఏ యున్నచో అందు కొలదిభాగమే. ఒక్క అక్షరము!

6502 సంగతియు నిట్టిదే. ఆ చిప్పు మాకు కొంత బంధువు వంటిది. 1984లో కేంద్ర ప్రభుత్వము పాఠశాలలకు కంప్యూటరు నేర్పుటకై క్లాస్ అను పథకమును పెట్టి, బ్రిటనులోని ఏకార్న్ వారి బీబీసీ మైక్రో యంత్రములను పంచెను. మావారి పాఠశాల సామానుల గదిలో నట్టిదొకటి నేటికిని బూజుపట్టి యున్నది. దాని కడుపులోనిది 6502యే. ప్లాస్టిక్కు తొడుగుది, సామాన్యమైనది. దానికై ఎవరును దొంగతనమునకు రారు. కాని 6502 పుట్టుక చిత్రమైనది. మాస్ టెక్నాలజీ వారు 1975లో 6501, 6502 అను రెంటిని తెచ్చిరి. ఇతరులు వందల డాలర్లు చెప్పుచున్న కాలమున సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన సమయమున 6502ను 25 డాలర్లకు అమ్మిరి. పెద్ద గాజుజాడీ నిండ చిప్పులు పోసి పెట్టిరనియు, అడుగున నున్నవి పనిచేయనివనియు చెప్పుదురు. మన సంతలో పైన లేత వంకాయలు పేర్చిన బుట్ట జ్ఞప్తికి వచ్చినది. 6501 మోటరోలా వారి 6800 చిప్పు గూటిలోనే సరిగా అమరునట్లు చేయబడుటచే మోటరోలా వారు వ్యాజ్యము వేసిరి. మాస్ వారు 200,000 డాలర్లు చెల్లించి 6501ను మానుకొనిరి. ఇప్పుడు సేకరించువారు 6501 కొఱకు కన్నులు కాయలు కాచునట్లు చూచుచున్నారు. 6502లోను 1976 మధ్య వఱకు వచ్చినవానికి అంకెలను కుడివైపునకు త్రిప్పు ఆజ్ఞ యొకటి లేదు. ఆ లోపమున్న తెల్లని పింగాణీవే మిక్కిలి ప్రియము. ఏలయనగా 1976లో రమారమి రెండు వందలు మాత్రమే చేయబడిన యాపిల్-1 యంత్రములకు ఆ కాలపు 6502 కావలెను. అట్టి యంత్రమొకటి 2014 వేలములో 905,000 డాలర్లు పలికినది. అంత యింటికి గడప కావలెనన్న గడపకు కూడ వెల పెరుగును గదా.

దోషమున్న ప్రతిదియు ప్రియమగునా యన్న, కాదు. 1994లో పెంటియం చిప్పు భాగహారములో తప్పుచున్నదని వర్జీనియాలోని థామస్ నైస్లీ అను గణితాచార్యుడు కనిపెట్టెను. 4,195,835ను 3,145,727చే భాగించిన 1.33382 రావలసినచోట 1.33374 వచ్చెడిది. ఇంటెల్ వారు కోరినవారికెల్ల మార్చి యిచ్చుటకై 47.5 కోట్ల డాలర్లు నష్టముగా వ్రాసికొనిరి. కాని ఆ చిప్పులు లక్షలకొలది యమ్ముడుపోయి యుండుటచేత, దోషమునకు పేరు వచ్చినంతగా వెల రాలేదు. దోషము త్వరగా పట్టుబడి, త్వరగా దిద్దబడినప్పుడే మిగిలినవి కొన్ని యగును.

ఈ మాటలన్నియు వదినగారికి చెప్పి, డబ్బాలోని బంగారు మూతగల చిప్పును చేతబట్టితిమి. నలువది కాళ్ళు, అద్దమువలె మెఱయు మూత. కాని మూతపై నక్షరమే లేదు.

"పెద్దవారి వస్తువు, మీ యింటికి తెచ్చుచు నల్లగా తేలేక, నిన్న చింతపండు పెట్టి విభూదితో తోమితిని" అని ఆమె యనెను.

మాకు కొంతసేపు మాట రాలేదు. వెండి కుంకుమభరిణెను తోమినట్లు తోమినది ఆ యిల్లాలు; అందు తప్పేమి? ఇంటి వస్తువును శుభ్రము చేయుటయే మనకు నేర్పిరి. ఆ మూతపైనుండినది చెక్కిన యక్షరము కాదు, సిరాతో వేసిన ముద్ర. అడుగున మలేషియా యను దేశము పేరు మాత్రము సగము మిగిలియున్నది. ఇంటెల్ వారు 1972 నుండి అచ్చటి పెనాంగులో చిప్పులకు తొడుగులు వేయించుచుండిరి గాన, అది దాని వయస్సును గాని యక్షరమును గాని తెలుపదు. మూత విప్పి లోపలి పలకను సూక్ష్మదర్శినితో చూచిన తెలియవచ్చునని మావారనిరి. కాని మూత విప్పిన చిప్పును కొనువారెవరు? తెలిసికొన్న మఱుక్షణము తెలిసికొన్నదానికి విలువ లేదు.

కుమారుడు అప్పుడు తాతగారి లెక్కల పుస్తకమును తెచ్చెను. వస్తువు ఎచ్చటినుండి వచ్చినదో తెలుపు కాగితము చిప్పుల వ్యాపారమున నగతో వచ్చు రసీదు వంటిది; అది యున్న వెల నిలుచును. పుస్తకమున ఆ పెద్దమనిషి చక్కని గుండ్రని వ్రాతలో ప్రతిచిప్పును ఎక్కించెను. "8080 - ఒకటి - పని చేయదు" అని యొక పంక్తి యున్నది. చివర ఏ లేదు! పిల్లవాడు ఎగిరి గంతువేసెను. కాని మేము క్రింది పంక్తులు చూచితిమి. డబ్బాలోని 8085లలో చాలవానిపై 8085-ఏ అని ముద్ర యుండగా, ఆయన అన్నిటిని 8085 అనియే వ్రాసియుండెను. ఏ అను అక్షరమును వ్రాయు నలవాటే ఆయనకు లేదు. ఈ మాట చెప్పుట మాకు కష్టమైనది. చెప్పకుండుట అంతకంటె కష్టము.

పిల్లవాడు చూచిన లక్ష రూపాయల సంగతి కూడ విచారించితిమి. అది అమ్మువాడు అడుగుచున్న వెల. ఎవరును ఇచ్చిన వెల కాదు. ఈబే అంగడిలో అమ్ముడైపోయిన వస్తువులను మాత్రము వేఱుగా చూపు వీలున్నది. అచ్చటికి పోయి చూచిన, అడిగినదానికిని పలికినదానికిని ఏనుగునకును ఎలుకకును ఉన్నంత భేదము కనబడును. సంవత్సరముల తరబడి అమ్ముడుపోక అట్లే వ్రేలాడుచున్న వస్తువు వెలను చూచి ఇంటిలో కలహములు పడినవారు మన వదినగారొక్కరే కారని తోచుచున్నది. మఱియొక మోసము కాని మోసము: ఇంటెల్ చిప్పులపై నొక వలయములో సీ అను అక్షరము, ప్రక్కన 1982 వంటి సంవత్సరము ముద్రింపబడియుండును. అది రచనాహక్కు పుట్టిన యేడు; చిప్పు పుట్టిన యేడు కాదు. 80286 చిప్పులపై ఆ సంవత్సరమే యెన్నో యేండ్లు అచ్చుపడుచు వచ్చినది. దానినిజూపి మొదటి యేటి చిప్పని యమ్మువారున్నారు. తక్కిన పెక్కు సంస్థల చిప్పులపై నాలుగంకెల సంఖ్య యుండును: 7545 అనిన 1975వ సంవత్సరపు 45వ వారమని యర్థము. చూడవలసినది దానిని.

అసలైన మోసమును కలదు. పాత ప్లాస్టిక్కు చిప్పు మొగమును గీకి, నల్లరంగు పూసి, క్రొత్త పేరు ముద్రించి యమ్ముదురు. గోళ్ళరంగు తుడుచు అసిటోనును దూదితో అద్దిన ఆ నల్లరంగు ఊడి వచ్చునట. కాని అదే అసిటోను పింగాణీ చిప్పుపై నిజమైన సిరాను కూడ తుడిచివేయును. మన వదినగారి విభూది కథ విన్న తరువాత ఏ పరీక్షయైనను చేయుటకు మాకు చేయి రాకున్నది.

ఇక పాతసామానులవాని తొమ్మిది వందలు ఎక్కడినుండి వచ్చినవి? బంగారము నుండి. 1995లో వచ్చిన పెంటియం ప్రో వంటి పింగాణీ చిప్పులలో బంగారము ఎక్కువగా నుండుటచే అవి మూటలకొలది కరగిపోవుచున్నవి. బంగారు వెల పెరిగినకొలది కరుగునవి పెరుగును. కరుగునవి పెరిగినకొలది మిగిలినవాని వెల పెరుగును. తాతమ్మల పట్టుచీరలు అపురూపమగుట కూడ ఇట్లే గదా జరిగినది. కాని జరీ కరగించువాని చేతికి చీరయే పోవును. ఇచ్చట కరగించువాని ప్రాణమే పోవుచున్నది. ఇత్తడి పాత్రలకు పేరుపొందిన మొరాదాబాదులో సర్క్యూటు పలకలను కాల్చి, ఆమ్లములలో వేసి లోహములు తీయు పని ఇండ్లలోనే జరుగుటయు, ఆ బూడిద రామగంగ యొడ్డున గుట్టలు పడుటయు లోకవిదితము. ఆ పనిలో ఆడువారును పిల్లలును కలరు. ఈ తూకపు సొమ్ములో ఆ పొగయు కలదని వదినగారికి చెప్పితిమి. ఆమె డబ్బాను దగ్గఱకు లాగుకొనెను.

చిప్పులను గ్రుచ్చిన నల్లని స్పాంజి ముప్పది నలువది యేండ్లకు జిగురై, పొడియై, కాళ్ళను తినివేయును. ముట్టుకొనగానే రెండింటి కాళ్ళు రాలినవి. తక్కినవానిని మావారు మెల్లగా ఊడబెరికి, స్థిరవిద్యుత్తు పట్టని సంచులలో పెట్టిరి. పాత యంత్రములను బాగుచేసికొను ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చి, ముద్రలు చెడని 8085లను, గాజు కిటికీ గల జ్ఞాపకపు చిప్పులను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏడు వేల నాలుగు వందల రూపాయలకు కొనెను. తొమ్మిది వందలకంటె మేలు. లక్షకు చాల దూరము. మిగిలిన రుసుమునకు వదినగారు చీటీ పాడిరి.

ముద్రలేని చిప్పునకు, దానితో లెక్కల పుస్తకము కూడ ఇచ్చినచో, మఱి మూడు వేలు ఇచ్చెదనని ఆ ఉపాధ్యాయుడే యనెను. వదినగారు చిప్పును ముందుకు జరిపి పుస్తకమును వెనుకకు తీసికొనిరి. "చేతివ్రాత అమ్ముదునా వదినగారూ?" అని మావైపు తిరిగిరి. పుస్తకము లేని చిప్పు ఆయనకును అక్కఱలేదయ్యెను. ఇప్పుడది పసుపు భరిణె ప్రక్కన దూదిలో నున్నది.

ఇట్టి డబ్బాలు మీ యిండ్లలో నున్నచో, పైముద్రను, అడుగుముద్రను ఏటవాలు వెలుతురులో చూచి అక్షరము విడువక మాకు వ్రాయుడు. తెలిసినంతవఱకు బదులు వ్రాయుదుము. తుడువవలదు.